దర్జీ కుట్టిన పటం

పొద్దున్నే కాఫీ తాగుతూ దర్జీ తన కుట్టుమిషను బల్ల మీద రెండు పటాలు పరిచాడు. ఒకటి మహానగరానిది, రెండోది దాని పక్కనున్న చిన్న ఊరిది. ఆయన ఎప్పుడూ ఆ ఊళ్ళ మొహం చూసింది లేదు. మర్నాడు ఒక్క పగట్లో రెండూ చుట్టేసి రాత్రి బండికి తిరిగి రావాలని ఉద్దేశం. ఆయన భార్యకు మాత్రం ఈ ప్రయాణంలో ఒకటే పని. ఆ చిన్న ఊళ్ళో ఉన్న అక్కను చూడాలి. అక్క ఇల్లు ఖాళీ చేసి, మర్నాడు రాత్రే ఎక్కడో దూరాన ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళిపోతోంది. ఇద్దరికీ వయసు మీద పడుతోంది. మళ్ళీ కలుస్తామన్న ధీమా ఇద్దరికీ లేదు.

"ముందు అక్క దగ్గరికి పోదామండీ. మీ కోటలూ అవీ తర్వాత చూడొచ్చు" అంది భార్య.

"కోట సాయంత్రానికి మూసేస్తారే. మీ అక్కయ్యని మూసేస్తారా? చివర్లో తీరిగ్గా కూర్చుందాం."

ఈ మాట అన్నందుకు ఆయన తర్వాత చాలాకాలం కుమిలిపోయాడు. అప్పటికి మాత్రం తన చమత్కారానికి తనే మురిసిపోయాడు.

రెండు పటాలు పట్టుకుని తిరగడం చిరాకని, వాటిని కలిపి కుట్టేయాలనుకున్నాడు. చేతికి అలవాటైన పనాయె. ఇటు అంగుళం, అటు అంగుళం కుట్టుకి వదిలి, లోపలికి మడిచి, మిషను ఆడించాడు. అంచుల్లో నీలంగా ఏదో పట్టీ కనబడితే అలంకారం కాబోలనుకున్నాడు. అంతటితో ఆగాడా? గళ్ళ చొక్కాకి జేబు అతికేటప్పుడు గళ్ళు కలిపినట్టు, ఇటు మ్యూజియం రోడ్డునీ అటు వదినగారి వీధినీ గీతకి గీత కలిపాడు.

"చూశావా, మ్యూజియంలోంచి బయటికొచ్చి తిన్నగా నడిస్తే మీ అక్కయ్య వాకిలి" అని, ఆ ఊపులోనే వదినకు ఫోన్ చేశాడు. "మేం నడిచే వస్తాం వదినా. మీరు ఇల్లు కదలొద్దు."

"నడిచా?" అంది వదిన. "సరే మరిది గారూ, మీ ఇష్టం."

మర్నాడు రైల్లో, సాయంత్రానికి చార్జింగ్ మిగలాలంటూ, ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోనూ భార్య దగ్గర తీసుకుని, ఆపేసి జేబులో వేసుకున్నాడు. పటంలో కోటకి దగ్గరని పెద్ద స్టేషను దాకా పోకుండా ముందు స్టేషన్లోనే ఆవిణ్ణి దింపేశాడు. కోటలో ఆవిడ ఫిరంగుల్ని చూడలేదు, గోడల నీడలు ఎంత సాగాయో చూసింది. మ్యూజియంలో ఎవరో రాజుగారి కోటు ముందు దర్జీ మేకు కొట్టినట్టు నిలబడిపోయాడు. చంక దగ్గర కుట్టు వంకర పోయిందట.

"రాజుగారు పోయి ఎన్నాళ్ళో అయింది. ఇప్పుడు సరిచేసేదేం లేదు. పదండి" అంది భార్య.

"ఇంకొక్క గది."

ఆ ఒక్క గది వెనక మరికొన్ని గదులున్నాయి. బయటపడేసరికి ఎండ తగ్గింది. తిన్నగా నడిచారు. ఒక పళ్ళ దుకాణం దగ్గర వీధి పేరు చెప్పి అడిగితే, ఆ పేరుతో ఈ ఊళ్ళో వీధే లేదన్నాడతను.

"ఇతనెవరో కొత్తగా వచ్చినట్టున్నాడు" అని దర్జీ తేల్చేశాడు.

కూడలిలో వదినగారి ఊరి పేరు చెప్పి అడిగితే ట్రాఫిక్ పోలీసు కుడివైపు చెయ్యి చూపించాడు. "రేవుకి వెళ్ళండి. త్వరగా వెళ్ళండి."

"రేవు మనకెందుకు? నడిచిపోయేవాళ్ళం" అంటూ దర్జీ తిన్నగానే నడిచాడు. కాళ్ళు పీక్కుపోతున్నా ఆవిడ వెంట నడిచింది. రోడ్డు గోదాముల మధ్య సన్నబడి, ఒక గోడ పక్కన ఆగిపోయింది. ఆ పక్కన నీళ్ళు.

"ఏదో చెరువు" అన్నాడు దర్జీ.

నీళ్ళ మీద ఒక ఓడ కూత పెట్టింది.

ఆయన జేబులోంచి చిన్న కత్తెర తీసి, పటం కుట్టు విప్పాడు. మడతలోంచి నది బయటికొచ్చింది, రెండంగుళాల నీలం. కుట్టిన చెయ్యి తనదేనని ఒప్పుకోవడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది. భార్య పటం వంక చూసింది, నది వంక చూసింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

పడుతూ లేస్తూ రేవుకు చేరేసరికి ఆఖరి పడవ ఒడ్డు వదిలేసింది. దర్జీ ఫోను వెలిగించి ఆవిడకిచ్చాడు. వెంటనే మోగింది.

"ఎక్కడున్నావే? పొద్దుటి నుంచి ఫోన్ చేస్తున్నాను" అంది అక్క. "వంతెన ఊరికి ఆ చివర్న ఉంది. మరిది అంత చుట్టూ నిన్ను నడిపిస్తాడని మనసొప్పక, నేనే నది దాటి వచ్చేశాను. రోజంతా పెద్ద స్టేషన్లో కూర్చున్నాను. ఇంక ఇప్పుడే పడవెక్కాను. నా రాత్రి బండి మా ఊరి నుంచే కదా."

"ఈ పడవేనా అక్కా? నేను ఒడ్డునే ఉన్నాను."

"ఉన్నావా? చెయ్యూపు మరి."

ఆవిడ చెయ్యి ఊపింది. పడవ మీద వాళ్ళంతా, పడవల మీద జనం ఎప్పుడూ చేసేట్టే, తిరిగి ఊపారు. అందులో అక్క చెయ్యి ఏదో తెలియలేదు. ఆవిడ అందరికీ ఊపింది. పక్కన నిలబడ్డ దర్జీకి ఆ నీళ్ళలో దూకాలనిపించింది, ఈత రాదు.

టికెట్ల కిటికీ మూస్తున్న గుమాస్తా వాళ్ళ మొహాలు చూసి జాలిపడ్డాడు.

"బాధపడకండి. ఆవలి ఊళ్ళో చూడాల్సినవేం లేవు."