మాట వినని సర్వర్, ఆదిశేషమ్మ రొయ్యలు

"హజరత్తయ్యా! ఈ నెల్లూరు జిల్లాలో నేరం అనేది ఇంకా ఊపిరి పీలుస్తా ఉందంటే దానికి కారణం ఒకటే. నాకు ఎవురూ కేసు ఇవ్వకపోవడం!"

కోట ఊరి సెంటర్లో టీ అంగడి ముందర, చేతిలో మిరపకాయ బజ్జీ పట్టుకోని పెంచలప్రసాద్ ఈ ప్రకటన చేసినాడు. పక్కన టీ తాగుతున్న ఇద్దరు లేచి అవతలి బల్ల మీదికి పోయినారు.

ఈయన వృత్తి రొయ్యల మేత అమ్మడం. ప్రవృత్తి అపరాధ పరిశోధన. ఫోన్లో ఆరు వారాల డిటెక్టివ్ కోర్సు చేసి, సర్టిఫికెట్టుకి లామినేషన్ వేయించి, బైకు ముందర నంబరు ప్లేటు మీద కట్టుకున్నాడు. నంబరు కనపడడం లేదని పోలీసులు రెండుసార్లు ఆపినారు. వాళ్ళకి అసూయ అంటాడు.

నేను ఈయనకి స్నేహితుణ్ణి. ఎందుకయినానో నాకూ తెలీదు. నాకొక ఆటో ఉంది. రొయ్యలు పెంచే గుంటల కాడ శాంపిళ్ళు తీసి ఐసు డబ్బాలో పెట్టుకోని నరేంద్రబాబు గారి ల్యాబులో ఇచ్చొచ్చేది నా పని. ఆ రోజు నోరు మూసుకోని బజ్జీ తినుంటే సరిపోయేది. మూసుకోకుండా, "ల్యాబులో సర్వర్ మాట వినడం లేదంట, పాపం ఆదిశేషమ్మక్క రొయ్యలు ఇరుక్కుపోయినాయి" అనేసినాను.

పెంచలప్రసాద్ కళ్ళు సగం మూసినాడు. బజ్జీ కింద పడింది.

"యజమాని మీద తిరగబడిన యంత్రం! దాని వెనకాల ఒక అదృశ్య హస్తం! పా, ఆటో తీయి."

"ఎవురు పిలిచినారు నిన్ను?"

"న్యాయం పిలిచింది" అని ఎక్కి కూర్చున్నాడు.

సంగతేందంటే, ఆదిశేషమ్మక్క గుంటలో వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగానికి పోయినాయి. మూడో పంట ఎట్లనో నిలబడింది. ఆ పొద్దున్నే రొయ్యలు పట్టి, ట్రేలలో ఐసు పోసి పెట్టినారు. కొనే కంపెనీ లారీ గట్టు మీద నిలబడుంది. కానీ ల్యాబు రిపోర్టు కంపెనీ కంప్యూటర్‌కి చేరితేగానీ ఒక్క ట్రే కూడా ఎక్కించరు. నాలుగు గంటలకల్లా చేరకపోతే లారీ ఇంకొకరి గుంటకి పోతుంది. రొయ్యలు బాగున్నాయి, రిపోర్టూ బాగుంది, ఆ రిపోర్టు ల్యాబు సర్వర్ గడప దాటడం లేదు.

మేము పోయేటప్పటికి రెండున్నర. ల్యాబు ఓనరు నరేంద్రబాబు గారు చేతులు వెనక్కి కట్టుకోని గోడ నుంచి గోడకి నడస్తా ఉన్నారు. ఆదిశేషమ్మక్క గోడ గడియారం కింద స్టూలు మీద కూర్చోని, ముల్లు కదిలితే కొట్టేటట్టు చూస్తా ఉంది. కంప్యూటర్ ముందర రెజీనా. ఉద్యోగంలో చేరి పన్నెండు రోజులే అయింది ఆ పిల్లకి. ఏడుపొకటే తక్కువ.

"ఎవురూ కదలొద్దు!" అన్నాడు పెంచలప్రసాద్ గుమ్మంలోనే నిలబడి.

"పొద్దున్నుంచీ ఏదీ కదలకే కదా ఈ బాధ" అన్నారు నరేంద్రబాబు గారు. "ఎవరయ్యా నువ్వు? మేత ప్రసాద్ కదా?"

"అది నా మారువేషం. జరిగింది చెప్పమ్మాయ్, ఏదీ దాచొద్దు."

రెజీనా పాపం మర్యాదస్తురాలు, చెప్పింది. "ఈ సర్వర్‌కి కాన్ఫిగ్ ఫైలని ఒకటుంటుంది సార్. ఎవురొస్తే తలుపు తీయాల, ఎవుర్ని రానీకూడదు, అన్నీ దాంట్లో రాసుంటాయి. గేటు కాడ వాచ్‌మన్ పుస్తకం మాదిరి. ఈ కంపెనీ మనకి కొత్త. వాళ్ళ పేరు దాంట్లో రాసినాను, సర్వర్‌ని ఆపి మళ్ళీ ఆన్ చేసినాను. మూడుసార్లు సార్! అయినా వాళ్ళొస్తే నువ్వెవురు అంటా ఉంది."

"వాట్సాప్‌లో పంపీకూడదా?" అన్నాను నేను.

"వాట్సాప్‌లో వచ్చే రిపోర్టుని గుడ్‌మార్నింగ్ మెసేజిలతో సమానంగా చూస్తారంటన్నా. మధ్యలో ఎవురూ దిద్దకుండా సర్వర్‌లోనుంచి వాళ్ళే తీసుకోవాలంట."

"నీకంటే ముందు ఈ సీట్లో ఎవరుండేది?" అన్నాడు పెంచలప్రసాద్.

"డెబోరాక్క సార్. ఇదంతా పెట్టింది ఆమే. కాన్పుకి జువ్వలదిన్నెలో పుట్టింటికి పోయింది. పొద్దున్నుంచీ ఫోన్ చేస్తా ఉండాను. వాళ్ళమ్మ నవోమి ఎత్తి, తల్లీబిడ్డా ఇప్పుడే కళ్ళు మూసినారని పెట్టేస్తా ఉంది."

"ఆహా! రహస్యం తెలిసిన ఏకైక మనిషి అజ్ఞాతంలో ఉందన్నమాట!"

"పురిట్లో ఉంది సార్."

పెంచలప్రసాద్ వినలేదు. నుదురు మీద రెండు వేళ్ళు పెట్టుకోని గదంతా ఒక చుట్టు తిరిగినాడు. చెత్తబుట్ట కాలికి తగిలించుకున్నాడు. ఉన్నట్టుండి ఆగినాడు.

"తెలిసిపోయింది! నువ్వు దిద్దతా ఉండేది అసలు ఫైలు కాదు. డూపు! అసలుది వేరే ఎక్కడో బందీగా ఉంది. సర్వర్ దాని మాటే వింటా ఉంది!"

రెజీనా కళ్ళు ఇంతింతయినాయి. "సార్... అయ్యుండొచ్చు సార్! ఫైలు ఉండే చోటు ఎవురన్నా మార్చుంటే..."

"ఆగు" అని చెయ్యెత్తినాడు పెంచలప్రసాద్. "అది మరీ సులువు. సులువైన జవాబు ఎప్పుడూ నిజం కాదు. కోర్సులో నాలుగో పాఠం. ఆ ఆలోచన వదిలేయండి."

"లేదు సార్, ఒకసారి వెతుకుతాను..."

"ముందు వేలిముద్రలు!" అని జేబులోనుంచి పౌడరు డబ్బా తీసి, ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకునేలోగా కీబోర్డు మీద సగం డబ్బా కుమ్మరించినాడు. పైగా గట్టిగా ఊదినాడు. పౌడరంతా మీటల సందుల్లోకి దిగింది. ఏది నొక్కినా ఒకే అక్షరం వరసగా పడతా ఉంది.

"అయ్యో సార్!" అని రెజీనా కీబోర్డు తలకిందులు చేసి తట్టడం మొదలుపెట్టింది. నరేంద్రబాబు గారు తల పట్టుకున్నారు. నాకు పెంచలప్రసాద్‌ని ఆ డబ్బాతోనే కొట్టాలనిపించింది.

"వేలిముద్రలు దొరికినాయి! పది! అన్నీ ఒకే వ్యక్తివి!"

"నావే సార్. పొద్దున్నుంచీ కొడతా ఉండాను కదా."

"ఒప్పుకుంది, రాసుకో హజరత్తయ్యా!"

"నా దగ్గర పెన్ను లేదు" అన్నాను.

తరవాత ఆదిశేషమ్మక్క వంతు. ఆమె ముందర ఒంటి మోకాలి మీద కూర్చున్నాడు. "అమ్మా, మీకు శత్రువులు ఎవరన్నా ఉన్నారా?"

"ఉండారు. కొంగలు."

"కొంగలా?"

"గుంట మీద దారాలు కట్టినా దూరి, ఎత్తకపోతా ఉంటాయి."

"వాటికి కంప్యూటర్ పరిజ్ఞానం ఉండే అవకాశం..."

"నాయనా, నాకిప్పుడు నీ మీద చెప్పుతో కొట్టేంత కోపముంది. ఈ రొయ్యలు ఎక్కేదాకా ఓపిక పడతాను" అని మళ్ళీ గడియారం వైపు తిరిగింది.

మూడూ ఇరవై అయింది. మూడూ ముప్పయి. లారీ డ్రైవరు ఫోన్ చేసినాడు. "అక్కా, అవతల గుంటోళ్ళు పిలస్తా ఉండారు. నాలుక్కి బండి తిప్పేయమని ఆర్డరు. ఐసు కూడా కరగతా ఉంది." ఆమె సరేనని పెట్టేసింది. తరవాత నెమ్మదిగా, నాకు మాత్రమే వినపడేటట్టు అనింది. "భయంగా ఉంది హజరత్తయ్యా. రోగం వచ్చి పోతే రోగం అనుకున్నాము. నిక్షేపంగా ఉండే సరుకు పోతే ఏమని చెప్పుకోవాల? ఇది కూడా పోతే ఇంక నేను గుంటలోకి దిగలేను."

ఆ రొయ్యలు విత్తనంగా, చిన్న పిల్లలుగా ఉన్నప్పట్నుంచీ వాటి శాంపిళ్ళు నేనే మోసినాను. ఏమని ధైర్యం చెప్పేది? ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను.

"దొరికింది!" అని అప్పుడే అరిచినాడు మన మహానుభావుడు. చూపుడువేలు పైకి పెట్టుకోని అటక వైపు చూపిస్తా ఉన్నాడు. "ఆ వెంటిలేటర్ పక్కన ఎర్రగా మెరస్తా ఉండేది ఏంది? రహస్య మైకు! మనం రాసే ప్రతి మాటా విని సర్వర్‌కి ఎదురు ఆజ్ఞలు ఇస్తా ఉంది!"

"బల్లి కన్నేమోలే" అన్నాను.

"బల్లికి రెండు కళ్ళుంటాయి!" అని బల్ల మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి, కుర్చీ మీద ఐసు డబ్బా పెట్టి, దాని మీదికి ఎక్కినాడు. నేను కుర్చీ కాలు పట్టుకున్నాను. పట్టుకోవాల్సింది ఆయన కాలు.

"అందింది... ఇంకొంచెం..." ఐసు డబ్బా జారింది. పెంచలప్రసాద్ గాల్లో చేతులు ఆడించి, ట్యూబ్‌లైటు వైరు పక్కన, వల దారంతో కట్టుండే ఇంకో సన్న వైరుని రెండు చేతులా పట్టుకున్నాడు. వైరు ఆయన్ని ఆపలేదు. ఆయన కిందికి వస్తా వస్తా ఆ వైరుని, దాని కొసన అటక మీదుండే పెద్ద స్టీలు డబ్బానీ తనతోపాటు తెచ్చినాడు. డబ్బా మూతకి ఒక చిల్లు, చిల్లులోనుంచి వైరు, వైరు పక్క సందులోనుంచి ఆ ఎర్ర మెరుపు. డబ్బా నా వీపు మీద పడింది, ఆయన నా కాళ్ళ మీద పడినాడు.

మూత ఊడింది. లోపల మూడు పొరల ప్లాస్టిక్ కవరు. కవర్లో ల్యాబు లైసెన్సు కాగితాలు, రెండు కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, బిస్కెట్ పొట్లం, మధ్యలో ఎర్రలైటు వెలిగే చిన్న హార్డ్‌డిస్కు. కింద పడినా వైరు ఊడలేదు, లైటు ఆరలేదు.

"ఇదేంది? ఈ వైరు నెట్టుదేమో అనుకున్నానే!" అన్నారు నరేంద్రబాబు గారు.

"నేను కెమెరాదనుకున్నాను" అనింది రెజీనా. అంతలోనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "సార్! కంప్యూటర్లో 'డెబోరా' అని ఒక డ్రైవు కనపడతా ఉండింది. ఆమె సొంత ఫోటోలుంటాయేమో, తెరిస్తే బాగుండదని నేను ముట్టుకోలేదు."

"తెరువు తల్లీ!" అని లేచి నిలబడింది ఆదిశేషమ్మక్క.

తెరిచింది. లోపల ఒకటే ఫైలు. కాన్ఫిగ్ ఫైలు, అసలుది. పౌడరు కక్కతా ఉండే కీబోర్డు మీద ఒక్కొక్క మీటా రెండుసార్లు కొట్టి, కంపెనీ పేరు రాసి, సర్వర్‌ని ఆపి ఆన్ చేసింది. మూడూ యాభై ఒకటి. అందరం తెర వైపు చూస్తా ఊపిరి పట్టినాము. కంపెనీ వచ్చింది. సర్వర్ ఈసారి నువ్వెవురు అనలేదు. తలుపు తీసింది. రిపోర్టు పోయింది.

అయిదు నిమిషాలకి డ్రైవరు ఫోన్. "అక్కా, ఎక్కిస్తా ఉండాము!"

ఆదిశేషమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఏడ్చింది. ఏడస్తానే నవ్వింది. రెజీనా బుగ్గలు రెండూ పట్టుకోని ముద్దుపెట్టుకుంది. నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను, పౌడరు పడిందని చెప్పినాను.

అప్పుడు నిద్ర లేచి, తనే ఫోన్ చేసింది డెబోరా. ఫోన్ స్పీకర్లో పెట్టినారు.

"అవును సార్, నేనే పైన పెట్టినాను. పోయిన నెల తుఫాను హెచ్చరిక వచ్చింది కదా? మా జువ్వలదిన్నెలో హెచ్చరిక వస్తే ఇంట్లో ముఖ్యమైనవన్నీ కవర్లో చుట్టి, డబ్బాలో పెట్టి అటకెక్కిస్తాము. సర్వర్‌కి దానికంటే ముఖ్యమైంది ఏముంది? అందుకని ఫైలు ఉండే చోటు మార్చి, ఇంకమీదట పైనుండేదే చదువుకోమని సర్వర్‌కి చెప్పినాను."

"చెప్పింది సర్వర్‌కేనా? నాకు చెప్పొద్దా?"

"చెప్పినాను సార్. మీరు క్రికెట్టు చూస్తా, సరే సరే అన్నారు."

నరేంద్రబాబు గారు మీసం సవరించుకున్నారు. "మరి తుఫాను పోయినాక దించొచ్చు కదమ్మా?"

"ఒకటి పోతే ఇంకోటి వస్తానే ఉంది కదా సార్, ఊరికే ఎక్కించి దించేది ఎందుకని వదిలేసినాను."

"పాత ఫైలు కూడా పాత చోటే ఉంచినావేందక్కా?" అనింది రెజీనా. "నేను పొద్దున్నుంచీ దాన్నే దిద్దతా ఉండాను!"

"నీళ్ళొస్తే పోయేదానికి కింద ఏదో ఒకటి ఉండాల కదే" అనింది డెబోరా. అంతలో బిడ్డ ఏడ్చింది, ఫోన్ పెట్టేసింది.

పెంచలప్రసాద్ ఒంటికాలి మీద లేచి నిలబడినాడు. రెండో కాలు బెణికింది. నొసటన బొప్పి. ఒళ్ళంతా పౌడరు. గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా! మొదటి నిమిషంలోనే చెప్పినాను, అసలు ఫైలు వేరే చోట బందీగా ఉందని! మిగతాదంతా నేరస్తుణ్ణి నమ్మించడానికి నేను ఆడిన నాటకం. ఆ పతనం కూడా ప్రణాళికలో భాగమే!"

"నా వీపు కూడా ప్రణాళికలో ఉండిందా?" అన్నాను. పట్టించుకోలేదు. ఆదిశేషమ్మక్క వైపు తిరిగి, అభినందన కోసం ఛాతీ ముందుకు పెట్టి నిలబడినాడు.

ఆమె ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. కొంగుతో ఆయన మొహం మీద పౌడరు తుడిచింది. నిజంగానే మెత్తగా మాట్లాడింది.

"నువ్వు లేకపోతే ఈ పూట నా పంట దక్కేది కాదు నాయనా. ఒట్టి మాట కాదు, మనసులోనుంచి చెప్తా ఉండాను. సరిగ్గా పడాల్సిన చోటే పడినావు. వచ్చే పంట పట్టేటప్పుడు కూడా కబురు పంపిస్తాను, వచ్చి ఒకసారి పడిపో."

నేను నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగినాను. పెంచలప్రసాద్ మాత్రం నవ్వలేదు. గంభీరంగా ఫోన్ తీసి, క్యాలెండర్ తెరిచి అడిగినాడు.

"ఏ నెలమ్మా?"