సౌభాగ్య అపార్టుమెంట్స్‌లో ఆరో మహావినాశనం

చూలై పేటలోని సౌభాగ్య అపార్టుమెంట్స్ నివాసుల సంఘం దీపావళి వెళ్ళిన ఆదివారం సాయంత్రం సర్వసభ్య సమావేశం జరిపి, భూమ్మీద రాబోయే ఆరో మహావినాశనంలో తమ సభ్యులెవరూ చనిపోరాదని ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రతిపాదించినవారు కార్యదర్శి జనార్దనం గారు. బలపరిచినవారు సౌకార్‌పేటలో స్టీలు పాత్రల హోల్‌సేల్ వ్యాపారి నాగప్పన్ గారు. లిఫ్టు బాగు చేయించే విషయంలో ఆరేళ్ళుగా ఒక్క మాట మీదికి రాని పదకొండు ఫ్లాట్లవారు ఇక్కడ మాత్రం చేతులు ఎత్తిన వేగం చూసి తీరవలసింది.

ఆ వేగం చూసినవాళ్ళలో మునియక్క ఒకతె. కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె భర్త కుప్పుసామి ఈ అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా ఉండి నాలుగేళ్ళ కిందట పోయాడు. గేటు తీయడం, తెల్లవారుజామున నీళ్ళ లారీని లోపలికి పిలవడం, మెట్లు ఊడవడం అప్పట్నుంచీ ఆమే చేస్తోంది. సంఘం పుస్తకంలో ఆమెకి ‘వాచ్‌మన్ (స్త్రీ)’ అని హోదా. పేరు రాసుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఇంత పనికీ ఆమెకి దక్కింది భూగర్భ పార్కింగులో మెట్ల కింద ఉన్న గది. అది పోతే ఊరి చివర సర్కారు కట్టిచ్చిన బోర్డు ఇళ్ళలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోవాలి. ఆడినుంచి రెండు బస్సులు మారి తెల్లారేసరికి గేటు దగ్గరుండడం మనిషివల్ల కాదు. అంచేత గది పోతే పనీ పోతుంది.

ఆనాటి ముఖ్య వక్త మూడో అంతస్తులో ఉండే భూగర్భశాస్త్రం ప్రొఫెసరు బాలసుందరం గారు. రిటైరైనప్పట్నుంచీ తన మాట వినేవాళ్ళ కోసం వెతుకుతున్న మనిషి. భూమ్మీద ఇంతకుముందు అయిదుసార్లు మహావినాశనం జరిగిందనీ, ఇరవై అయిదు కోట్ల ఏళ్ళ కిందటి దాంట్లో సముద్రంలోని జాతులు నూటికి తొంభై దాకా తుడిచిపెట్టుకుపోయాయనీ ఆయన చెబుతుంటే సభ్యులు జీడిపప్పు నములుతూ విన్నారు. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట ఆకాశం నుంచి కొండంత రాయి పడి డైనోసార్లు పోయాయన్నప్పుడు నాగప్పన్ గారు రెండో కాఫీ అడిగారు.

“మరి బతికిందెవరు?” అన్నారు జనార్దనం గారు, అసలు విషయానికి వస్తూ.

“చిన్నవి. పందికొక్కంత జంతువులు. నేల కింద బొరియల్లో ఉండేవి, దొరికింది ఏదైనా తినేవి. పైన అంతా కాలిపోతుంటే కింద దాక్కుని బతికాయి. బూడిదలో ముందు ఫెర్న్ మొక్కలు లేచాయి. తర్వాత మెల్లిగా ఇవి బయటికొచ్చాయి.”

మునియక్కకి ఇదంతా ఎవరో తన సంసారం గురించి చెబుతున్నట్టే అనిపించింది. నేల కింద ఉండేదీ తనే, దొరికింది తినేదీ తనే. ఇంత చదువుకున్న సభలో తన ప్రస్తావన వచ్చినందుకు ఆమెకి కొంచెం సిగ్గు కూడా వేసింది.

సిగ్గుపడి ముగించేలోగా తీర్మానాలు మొదలయ్యాయి. ఒకటి: అపార్టుమెంటు ఆవరణలో పందికొక్కులకు మందు పెట్టడం తక్షణం ఆపాలి, అవి మన పూర్వీకుల బంధువులు కనుక. రెండు: మెట్ల కింద గదిని ‘జాతి పరిరక్షణ గది’గా ప్రకటించాలి. మూడు: ప్రస్తుతం అందులో ఉన్న వాచ్‌మన్ (స్త్రీ)ని మానవతా దృష్టితో డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కనున్న రేకుల పందిరిలోకి మార్చాలి. మహావినాశనం ముగిసిన పిమ్మట ఆమె దరఖాస్తు పెట్టుకోవచ్చు.

“సారూ, ఆడ గోడలు లేవు గదా, వానొస్తే ఎట్ల?” అంది మునియక్క.

“అమ్మా,” అన్నారు జనార్దనం గారు గొంతు సవరించుకుని, “జాతి మనుగడ ప్రశ్న వచ్చినప్పుడు వ్యక్తిగత సౌకర్యాల గురించి మాట్లాడరాదు. డాబా మీద గాలి ఎంత బాగుంటుందో నీకు తెలీదు. అద్దె పెట్టినా దొరకదు.”

చప్పట్లు మోగాయి. మునియక్క తన ట్రంకుపెట్టె, స్టవ్వు, రేషన్ బియ్యం మూట, కుప్పుసామి ఫోటో నాలుగు అంతస్తులు మోసుకుని ఎక్కింది. లిఫ్టు పనిచేయదని చెప్పాను కదా. సంఘం వారు అంతకంటే బరువైన పని చేశారు. ఇంటింటి బియ్యం, పప్పులు, బిస్కెట్లు, నీళ్ళ క్యాన్లు, గ్యాసు సిలిండర్లు అన్నీ ఒక్కటీ మిగల్చకుండా కింది గదిలోకి దింపించారు. విడిగా దాచుకోవడం జాతిద్రోహమని నోటీసు అంటించారు. దింపింది కూడా మునియక్కే. తలుపుకి లోపలివైపు గట్టి గడియ, బయట జాబితా. ముప్పై రెండు పేర్లు. అందులో మునియక్క లేదు. ఓనర్లూ అద్దెదారులూ మాత్రమే అర్హులు.

కార్తీకం చివర్లో తుఫాను వచ్చింది. టీవీలో రెడ్ అలర్ట్ అనగానే సభ్యులు ప్రతి ఏడూ చేసినట్టే ముందు కార్లన్నీ తీసుకెళ్ళి ఫ్లైవోవర్ మీద వరసగా నిలిపి వచ్చారు. కార్లు క్షేమమని తేలాక తమ గురించి ఆలోచించారు. నీళ్ళు పల్లానికి వస్తాయన్న సంగతి కార్ల విషయంలో అందరికీ బాగా తెలుసు. తమ విషయంలో మాత్రం నేల కిందే క్షేమమని సైన్సు చెప్పింది. మిట్టమధ్యాహ్నం ముప్పై రెండు మందీ కింది గదిలోకి దిగారు. ఒక్క మనిషి గది కనుక నిలబడే పద్ధతి మీద సర్దుకుని గడియ వేసుకున్నారు.

డాబా మీద తడిసి ముద్దవుతున్న మునియక్కకి వీధి మొత్తం కనిపించింది. నల్లటి నీళ్ళు గేటు దాటి, పార్కింగు వాలు మీదుగా కిందికి జారుతున్నాయి. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి నాలుగు అంతస్తులూ ఒక్క పరుగున దిగి తలుపు బాదింది.

లోపలినుంచి జనార్దనం గారి గొంతు ప్రశాంతంగా వినిపించింది. “అమ్మా, నీ బాధ మాకు అర్థమవుతుంది. మేమూ మనుషులమే. కానీ జాబితా జాబితానే. నిన్ను రానిస్తే రేపు ఇస్త్రీ సెల్వం వస్తాడు, ఎల్లుండి పాలవాడు వస్తాడు. సృష్టిలో ఎప్పుడూ అందరూ బతకలేదు.”

“అయ్యో సామీ, నాకు చోటొద్దు! నీళ్ళొస్తా ఉండాయి! సీక్రం బయటికి రాండి!”

“ఇలాంటి మాటలతో తలుపు తీయించాలని చూస్తారని నాగప్పన్ గారు ముందే హెచ్చరించారు.”

మునియక్కకి ఒళ్ళు మండింది. వదిలేసి పైకి పోదామా అనుకుంది. రెండు మెట్లు ఎక్కింది కూడా. లోపల ఎవరి పిల్లో ఏడ్చింది. వెనక్కి వచ్చి మళ్ళీ బాదింది.

చివరికి ఆమె మాట నమ్మించింది తలుపు కిందనుంచి వచ్చిన నీళ్ళే. గడియ తీసేసరికి మోకాళ్ళ దాకా ఉన్నాయి. కరెంటు పోయింది. ఆ చీకట్లో ముప్పై రెండు గొంతులు ఒక్కసారిగా “మునియక్కా! మునియక్కా!” అని అరిచాయి. ఆమె పేరు వాళ్ళందరికీ తెలుసన్న విషయం ఆ పూటే బయటపడింది. బట్టలారేసే తాడు ఒక కొస మెట్ల రెయిలింగుకి కట్టి, రెండో కొస పట్టుకుని నీళ్ళలోకి దిగి, ఒక్కొక్కరినీ పైకి లాగింది. తిండి సామాను మొత్తం నీళ్ళపాలైంది.

రెండు రోజులు నీళ్ళు తగ్గలేదు. ముప్పై రెండు మందీ మునియక్క రేషన్ బియ్యం గంజి తాగారు. ఆ బియ్యం వాసన వస్తుందని వెనక ఎప్పుడో అన్న నాగప్పన్ గారు మూడుసార్లు పోయించుకున్నారు. ప్రొఫెసరు గారు తాము ‘దొరికింది తినే దశ’లో ఉన్నామని చెప్పి అందరికీ ధైర్యం నూరిపోశారు.

నీళ్ళు తగ్గాయి. కార్లు ఫ్లైవోవర్ దిగాయి. కిందటిసారి భూమి కోలుకోవడానికి లక్షల ఏళ్ళు పడితే, సౌభాగ్య అపార్టుమెంట్స్ అయిదు రోజుల్లో కోలుకుని సర్వసభ్య సమావేశం పెట్టుకుంది. మహావినాశనంలో ఎత్తైన చోటే సురక్షితమని అనుభవపూర్వకంగా రుజువైనందున, డాబా మీది పందిరికి గోడలు కట్టించి కొత్త పరిరక్షణ గదిగా మార్చాలని తీర్మానించారు. వాచ్‌మన్ (స్త్రీ)కి కింది గది బురద కడుక్కుని తిరిగి అందులోనే ఉండేందుకు దయతో అనుమతి ఇచ్చారు. దరఖాస్తు కూడా అడగలేదు.

పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మునియక్క ప్రొఫెసరు గారిని అడిగింది. “సారూ, బొరియలో దాక్కుని బతికినాయన్నారే, అవి తర్వాత ఏమైనాయి?”

“తర్వాతా? పెద్దవైనాయి. మారి మారి చివరికి మనమైనాం.”

“అట్లనా,” అంది మునియక్క ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ. “నేనింకా కాలేదు సారూ.”

సభ్యేతరుల వ్యాఖ్య కనుక దీన్ని పుస్తకంలోకి ఎక్కించలేదు. అయినా మీరిలా నవ్వుతూ చదువుతున్నారు కాబట్టి అడుగుతున్నాను, మీ గేటు తీసే మనిషి పేరేమిటి? గుర్తు రాకపోతే కంగారేమీ లేదు. మీ మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చినప్పుడు అదే గుర్తొస్తుంది.