వీడ్కోలు పరీక్ష

రాజ్యాలేలడానికి అర్హత పరీక్ష లేదు గానీ, మూడేళ్ల పిల్ల ప్లేస్కూల్లో ప్లాస్టిక్ బంతి పట్టుకోవడానికి మాత్రం ఉంది. న్యాయమే. రాజ్యం పోతే మళ్లీ వస్తుంది, బంతి బీరువా కిందికి పోతే రాదు.

దాని పేరు వీడ్కోలు పరీక్ష. గేటు దగ్గర పిల్లను వదిలి పెద్దవాళ్లు వెళ్లిపోవాలి. పిల్ల ఏడిస్తే సీటు లేదు. అసలేమీ పట్టనట్టుంటే ఇంట్లో ప్రేమ చాలలేదని అర్థం, అప్పుడూ లేదు. కళ్లు చెమర్చాలి, నీరు చెంప దాటకూడదు (ఇది చూడడానికే వీడ్కోళ్ల అధికారిణి కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుంటుంది).

తాతకు ఈ నిబంధన గొంతులో వెలక్కాయైంది. కూతురి సెలవు ఆదివారంతో సరి. ఆపైన రాకపోతే కుర్చీలో ఇంకొకరుంటారని మేనేజరు చెప్పేశాడు. ఇంట్లో తానే చూసుకుందామంటే, పిల్ల మేడమెట్ల మీదికి ఒక్క ఉరుకు ఉరికితే చాలు, తాత మోకాళ్లు మొదటి మెట్టు దగ్గరే సంతాపసభ పెడతాయి.

"నాన్నా, రోజూ దానితో రిహార్సల్ వేయించు. సీటు పోతే నా ఉద్యోగమూ దాని వెనకే పోతుంది."

"దిగులెందుకమ్మా. ఎద్దుకు కాడి నేర్పినవాణ్ణి, దీనికి టాటా నేర్పలేనా?"

స్టూలు గేటైంది, చేతిసంచి స్కూలుబ్యాగైంది. పిల్ల ఒక్కటే షరతు పెట్టింది.

"నేను అమ్మ. నువ్వు పాప."

"అలా కాదే గడుగ్గాయీ, బడికెళ్లేది నువ్వు."

"పాపలు ఎదురు మాట్లాడకూడదు."

ఎవరు ఎవరైతేనేం, పాఠం ఒకటే కదా అనుకున్నాడు తాత. వారమంతా కళ్లు చెమర్చుకున్నాడు. ఒక చుక్క ఎక్కువ కారిస్తే మనవరాలు మందలించేది. పిల్లకు పాఠం దివ్యంగా వచ్చింది, తన పాత్ర వరకు.

పరీక్షనాడు తాతతో గేటు దాటగానే పిల్ల బ్యాగు తీసి తాత భుజానికి తగిలించింది. అతన్ని వంగమని చొక్కా గుండీ సర్దింది.

"ఏడవకు బంగారం. ఆంటీ చెప్పినట్టు విను. సాయంత్రం వచ్చి తీసుకెళ్తా."

అని బయటికొచ్చి, అక్కడ నిలబడ్డ అమ్మ చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచింది. అలవాటుకొద్దీ తాత కళ్లు చెమర్చాయి. నీరు చెంప దాటలేదు.

కూతురు గాబరాగా వెనక్కి పరుగెత్తింది. "మేడమ్, సీటు పాపకండీ. ఆయన మా నాన్న."

"వయసుకు మార్కుల్లేవమ్మా," అంది అధికారిణి, రెండో కళ్లజోడు తీస్తూ. "ఒకరు లోపలున్నారు, ఒకరు వెళ్లిపోయారు, చెంప పొడిగా ఉంది. ఇంత చక్కటి వీడ్కోలు నా సర్వీసులో చూడలేదు. సీటు ఆయనదే."

సోమవారం కూతురు ఆఫీసు కుర్చీలో కూర్చుంది, పిల్ల దాని కింద కూర్చుంది. మేనేజరు అభ్యంతరం చెప్పబోయాడు గానీ, పిల్ల ఆయనకూ గుండీ సర్దేసరికి రెండో గుండీ కూడా చూపించాడు (ఆయనకు ఆ పని చేసేవాళ్లు లేక చాలాకాలమైందట).

నెల తిరిగేసరికి ప్లేస్కూల్ నుంచి నివేదిక వచ్చింది. "మీ బాబు తన భోజనం తానే తింటున్నాడు. పడుకోబెట్టక ముందే నిద్రపోతున్నాడు. మధ్యాహ్నం నుంచే గేటు వైపు చూస్తూ కూర్చుంటాడు, ఎవరొస్తారని అడిగితే చెప్పడు. కంగారు పడకండి, పెరిగేకొద్దీ సర్దుకుంటాడు."