మగవాళ్లు ముట్టకూడని బ్రష్షు

మగవాడన్నవాడు మరుగుదొడ్డి కడగకూడదు. కడిగితే సంసారానికే చేటు! నవ్వుతున్నారా? నవ్వండి. ముమ్మిడివరం దగ్గర మంగరాజు గారికి మొన్న ఏం జరిగిందో విన్నాక ఈ మాట మీరే ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకుంటారు.

అసలు మురికి పట్టిన టాయిలెట్ వల్ల ఇంటికెన్ని లాభాలు! వచ్చిన చుట్టం రెండో పూట ఉండడు. పిల్లలు సెల్‌ఫోన్ పట్టుకుని గంటలకొద్దీ లోపల కూర్చోరు. ఇక ఆ పసుపు రంగంటారా, పసుపు శుభమని పెద్దలే చెప్పారు. గడపకి రోజూ మనం రాయాలి, ఇక్కడ రాయకుండానే వస్తోంది!

మంగరాజు గారు శుభ్రత తెలియని మనిషి అనుకునేరు. శివ శివా! ఆయనకి పదెకరాల రొయ్యల చెరువులున్నాయి. ఆ గట్టెక్కాలంటే ఎంతటివాడైనా మందునీళ్ల తొట్టిలో పాదాలు ముంచాల్సిందే. ఒక చెరువులో వాడిన వల ఇంకో చెరువులో వేశాడో, ఆ మనిషికి ఆ రోజు మూడిందే. కాకి వాలితే వైరస్ తెస్తుందని చెరువుల మీద దారాలు కట్టించారు. రొయ్యకి కాస్త నలతగా ఉంటే ఆయనకి ముద్ద దిగదు. బ్లీచింగ్ ఎంత వెయ్యాలో చుట్టుపక్కల రైతులంతా ఆయన్నే అడుగుతారు.

ఇంట్లో టాయిలెట్ మాత్రం పాతికేళ్లుగా దానంతటదే శుభ్రపడుతోందని ఆయన నమ్మకం. సూర్యుణ్ణి ఎవరైనా రోజూ తోమి పంపిస్తున్నారా? ఇదీ అంతే.

ఆయన భార్య సూర్యకుమారి గారికి ఒక లోపం ఉంది. బ్యాంకులో ఆవిడ వేలిముద్ర పడదు. ఏ వేలు పెట్టినా మిషను మళ్లీ ప్రయత్నించమంటుంది. "నువ్వసలు ఉన్నావో లేవో మిషనుకే అనుమానమే!" అని మంగరాజు గారు క్యూలో వాళ్లందరినీ నవ్వించేవారు. ఆవిడా నవ్వేవారు.

ఈమధ్య ఆవిడ తడి మెట్టు మీద జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నారు. కట్టు వేశారు, ఆరు వారాలు ఏ పనీ చెయ్యకూడదన్నారు. మూడో రోజుకి టాయిలెట్లో వాసన మొదలైంది. తొమ్మిదో రోజుకి మంగరాజు గారు ఆ అవసరానికి కూడా చెరువుల దగ్గరి షెడ్డుకే బయల్దేరుతున్నారు. ఎంత చిత్రం! సూర్యుడు ఉదయించడం మానేశాడు.

సరిగ్గా అప్పుడే అమలాపురంలో కూతురు యామినికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తొలి కాన్పు. గురువారం ఆసుపత్రి నుంచి పంపిస్తారు. బాలింత పుట్టింటికి రావడం ఆనవాయితీ, తీసుకురావడం మంగరాజు గారి పరువు. యామిని వీడియో కాల్ చేసింది.

"నాన్నా, బాత్రూం చూపించండి."

ఆయన హాలు చూపించారు. కొత్తగా కొన్న ఉయ్యాల చూపించారు.

"బాత్రూం నాన్నా! కుట్లు పచ్చిగా ఉన్నాయి. ఇన్ఫెక్షన్ రాకూడదని డాక్టరమ్మగారు మరీమరీ చెప్పేరు."

చూపించక తప్పలేదు. యామిని పక్కనున్న వియ్యపురాలి గొంతు వినిపించింది.

"ఫర్లేదండీ అన్నయ్యగారూ, మీకెందుకండీ శ్రమ! మా ఇంటికే తీసుకెళ్లిపోతామండీ. ఆయ్!"

తొలి కాన్పు పిల్ల అత్తారింటికా? పరువు గోదాట్లో కలిసినట్టే! మంగరాజు గారు గిన్నెలు తోమే సత్తెమ్మని పిలిచారు.

"సత్తెమ్మా, ఆ బాత్రూం కాస్త కడిగిపెట్టు. పట్టుచీర పెట్టిస్తాను."

"అది నా పని కాదండి."

"మరెవరి పని?"

"కూచున్నోళ్లదండి," అంటూ సత్తెమ్మ గిన్నెలు బోర్లించి వెళ్లిపోయింది.

ఆ పనికంటూ పుట్టినవాళ్లు ఉంటారని మంగరాజు గారి చిన్నప్పటి చదువు. నాలుగూళ్లకి ఫోన్లు చేయించారు. ఒకాయన కొడుకు బ్యాంకులో ఉన్నాడట. ఇంకొకాయన కూతురు టీచరట. చూశారా దేశం ఎటు పోతోందో!

బుధవారం పొద్దున్న ఆయనకి పౌరుషం వచ్చింది. చెరువులకి చెరువులే శుద్ధి చేసినవాడికి ఈ గుప్పెడు గుంట ఒక లెక్కా? షెడ్డు నుంచి బ్లీచింగ్ బస్తా వచ్చింది. టేపుతో లోతూ వెడల్పూ కొలిచి, ఎకరాకి ఇంత చొప్పున లెక్క కట్టి, ఎందుకైనా మంచిదని పదింతలు గుమ్మరించారు. మరక కదల్లేదు. ఒళ్లు మండి, మూలనున్న యాసిడ్ సీసా తీసి మొత్తం దాని మీదే పోశారు. తలుపు మూసుకుని మరీ!

బుస్సుమని పొగ లేచింది. మంగరాజు గారు దగ్గుతో, ధారగా కళ్లనీళ్లతో, జారిపోతున్న లుంగీతో వీధిలోకొచ్చి పడ్డారు.

"ఆ రెండూ కలిపేరా? విషం గాలండీ అది! రేపు పసిగుడ్డు ఇంట్లో ఉండగా చేసుంటేనో?" అంటూ సూర్యకుమారి గారు పరుగున వచ్చారు. తలుపులూ కిటికీలూ బార్లా తెరిపించి, సాయంత్రం దాకా ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు. ఘాటంతా పోయాక బాత్రూం గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మంగరాజు గారు షెడ్డు నుంచి గ్లవ్స్ తెప్పించుకుని తొడుక్కున్నారు. చెరువుల్లో మందు చల్లేవాళ్ల కోసం అక్కడ నాలుగు డబ్బాలు ఎప్పుడూ ఉంటాయి.

"ముందు నీళ్లు కొట్టి అంతా పోనివ్వండి. సబ్బునీళ్లతో రుద్దండి. అంచు కింద రుద్దేరా? ఉండేదంతా అక్కడేనండి. ఇప్పుడు మందు పొయ్యండి, ఒక్కటే మందు. పది నిమిషాలు ఆగండి. ఏవండీ, ఆగమన్నానా! ఫ్లష్ మీట, కుళాయి, తలుపు గడియ కూడా తుడవాలి, అందరి చేతులూ పడేవి అవే. ఈ గుడ్డ వాష్‌బేసిన్‌కి వాడకండి, దేనిది దానికే."

మంగరాజు గారు బ్రష్షు పట్టుకుని ఆగిపోయారు. ఒక చెరువు వల ఇంకో చెరువులో వెయ్యకూడదని ఇరవయ్యేళ్లుగా తను చెబుతున్నదే కదా ఇది! ఈవిడెప్పుడు నేర్చుకుంది?

గంట తరువాత టాయిలెట్ తెల్లగా మెరిసింది. ఆయన గ్లవ్స్ లాగేసి, చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"ఇవి లేకపోతే చర్మం ఊడిపోయేదే! ఇన్నేళ్లూ నువ్వు వేసుకున్న గ్లవ్సేవి?"

సూర్యకుమారి గారు కట్టు లేని కుడి చెయ్యి చాపారు. వేళ్ల చివర్లు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. బొటనవేలి మీద ఒక్క గీత లేదు.

గురువారం యామిని వచ్చింది, పిల్ల వచ్చింది, వియ్యపురాలు బాత్రూం తలుపు తీసి చూసి మరీ మెచ్చుకున్నారు. మంగరాజు గారి పరువు నిలబడింది. కానీ మరుసటి వారం బ్యాంకులో మిషను మళ్లీ ప్రయత్నించమంటే, క్యూలో అందరూ జోకు కోసం ఆయన వైపు చూశారు. ఆయన తల వంచుకుని నిలబడ్డారు.

చూశారా అనర్థం! అందుకే అయ్యలారా, చేతులెత్తి వేడుకుంటున్నాను, ఆ బ్రష్షు ముట్టకండి. ముట్టారో, ఇన్నాళ్లూ అది ఎవరి చేతిలో ఉందో తెలిసిపోతుంది. తెలిశాక జోకు వెయ్యడానికి నోరు రాదు.