వేళకు వాడిపోయే పూలు

ఆ సోమవారం పొద్దున గుమాస్తాకి ఉన్న పనులు రెండే. ఫోటోలు దిగేవాళ్ళ చేతిలో పెట్టడానికని అక్కయ్య నూలుతో అల్లిన గులాబీల బొకేని ఫోటో స్టూడియోలో ఇవ్వాలి. దాని పక్కనున్న పూలకొట్లో ఇంకో బొకే కొని ఆఫీసుకు పట్టుకెళ్ళాలి. కొత్త ఆఫీసరమ్మ ఆ రోజే చేరుతోంది. ఆవిడ చేతిలో పూలు పెట్టే పని అందరూ కలిసి అతనికి అంటగట్టారు. పూలకొట్టు అతని దారిలోనే ఉంది, పైగా ఎవరు ఏది చెప్పినా అతను కాదనడు.

ఈసారి కాదనకపోవడానికి కారణం కూడా ఉంది. ఎక్కడో నాలుగు గంటల బస్సు దూరంలో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. ఈ ఆఫీసు నుంచి ఒకరు అక్కడికి పోవాలి. పోతే గుమాస్తా అయినా పోవాలి, క్యాషియరైనా పోవాలి. ఎవరన్నది ఆఫీసరమ్మ తేలుస్తుంది. గుమాస్తాకి సర్వీసు ఇంకా రెండేళ్ళు ఉంది. భార్య పోయి నాలుగేళ్ళయింది. కిటికీ పక్కన కుర్చీ, పది నిమిషాల నడక, తోడుగా వచ్చి ఉంటున్న అక్కయ్య చేతి వంట. ఈ మూడూ తప్ప అతనికి ఇంకేం మిగల్లేదు. "నువ్వెళ్తే వెళ్ళు, నేను మాత్రం ఇక్కణ్ణుంచి కదలను" అని అక్కయ్య కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. అతనికి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు.

"సంచీ తలకిందులు చెయ్యకు. తొమ్మిది పూలు, ఇరవై రోజుల పని," అంది అక్కయ్య గుమ్మం దగ్గర.

"పూలేగా అక్కా."

"పూలేగానా? ముప్ఫయ్యేళ్ళ కాపరంలో మరదలికి ఒక్క పువ్వు తెచ్చావట్రా? నీకేం తెలుసురా పూలంటే!"

గుమాస్తా గోడ మీది భార్య ఫోటో వైపు చూడకుండా చెప్పులు తొడుక్కున్నాడు. పెళ్ళైన కొత్తలో ఆవిడకి ఒక గొడుగు తెచ్చాడు. రంగు బాగాలేదంది. ఆ తర్వాత ఏమీ తేలేదు.

పూలకొట్టు షట్టరు దించి ఉంది. "ఇంట్లో పని. రేపు రండి" అని అట్టముక్క వేలాడుతోంది. టైము తొమ్మిదీ ఇరవై. గుమాస్తా చేతిలోని సంచీలోకి చూశాడు.

అక్కయ్య గులాబీ అల్లితే వాసన చూడటానికి వంగనివాడు లేడు. సన్నటి నూలు దారం, గుండుసూదంత క్రోషా సూది. రేకుకి రేకు విడిగా అల్లి, అంచులో వెంట్రుకలాంటి తీగ దూర్చి, నిజం రేకు ఎంత ఒంపు తిరుగుతుందో అంతే తిప్పుతుంది. కాడకి ఆకుపచ్చ టేపు, టేపు మీద ముళ్ళు. మూడడుగుల దూరం నుంచి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. గుమాస్తా మనసులో లెక్క వేసుకున్నాడు. ఆఫీసరమ్మ రెండు నిమిషాలు పట్టుకుంటుంది, బల్ల మీద పెడుతుంది, మర్చిపోతుంది. సాయంత్రం తీసి స్టూడియోలో ఇచ్చేస్తే సరి.

ఆఫీసరమ్మ పట్టుకోలేదు. దూరం నుంచే చేతులు జోడించింది.

"అటెండరుకి ఇవ్వండి. పూలంటే ప్రాణమే గానీ దగ్గరికొస్తే తుమ్ములు," అంది. కళ్ళజోడు సర్దుకుని చూసింది. "నిజం పూలేగా? ఇదివరకటి ఆఫీసులో ప్లాస్టిక్‌వి ఇచ్చారు. నేనున్న ఆర్నెల్లూ అక్కడ ఒక్కడూ నాతో నిజం చెప్పలేదు. వాడని పువ్వునీ, తప్పు చేయనని చెప్పే మనిషినీ నేను నమ్మను."

గుమాస్తా నోరు తెరిచేలోపు పక్కనుంచి క్యాషియరు అందుకున్నాడు.

"ఇవాళ కొట్టు మూసుంది కదండీ గురువుగారూ! ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారూ?"

"మా పెరట్లోవి," అన్నాడు గుమాస్తా.

అతనుండేది మూడో అంతస్తు.

ఆఫీసరమ్మ మురిసిపోయింది. పూలని గాజు కూజాలో నీళ్ళు పోసి తన గదిలో, బల్లకి దూరంగా, కిటికీ అరుగు మీద పెట్టించింది. సాయంత్రం అయిదింటికి గుమాస్తా సంచీ పట్టుకుని వెళ్తే ఆవిడ ఇంకా వాటినే చూస్తోంది. "ఒక్క తుమ్ము రాలేదండీ! మందులు కొట్టని పెరటి పూలంటే అలా ఉండాలి. వాడిపోయేదాకా ఇక్కడే ఉండనీండి," అంది.

ఇంటికి వెళ్ళి అక్కయ్యకి చెప్పాడు. అక్కయ్య సూది కింద పెట్టింది. అది మంచి సూచన కాదు.

"స్టూడియో వాడు రెండుసార్లు మనిషిని పంపాడు. వాడికేం చెప్పను?"

"రెండ్రోజులు ఆగమను. ఆవిడ వాడిపోయేదాకా అంది, అంతే."

"నూలు పువ్వు వాడిపోతుందట్రా?"

గుమాస్తా ఆ సంగతి అప్పటిదాకా ఆలోచించలేదు.

మంగళవారం పూలు తాజాగా ఉన్నాయి. బుధవారం ఇంకా తాజాగా ఉన్నాయి. గురువారం ఆఫీసరమ్మ ఫైలు మీద సంతకం పెడుతూ తల ఎత్తి కిటికీ వైపు ఒకసారి, గుమాస్తా వైపు ఒకసారి చూసింది. అతను బయటికి రాగానే క్యాషియరు ఎదురొచ్చాడు.

"ఏం ఎరువేస్తున్నారండీ? నాలుగో రోజుక్కూడా నిక్కబొడుచుకునున్నాయి! అన్నట్టు మీది మూడో అంతస్తు కదూ? పెరడు కూడా పైకెక్కించారా?"

ఆ సాయంత్రం ఆఫీసరమ్మ వెళ్ళాక గుమాస్తా ఆవిడ గదిలోకి వెళ్ళాడు. రికార్డు బీరువా ఆ గదిలోనే ఉంది కాబట్టి తాళంచెవి ఒకటి అతని దగ్గర ఉంటుంది. కూజాలోంచి రెండు గులాబీలు తీసి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చి అక్కయ్య ముందు పెట్టాడు.

"వీటిని వాడ్చాలి."

"ఏమిటీ?"

"రేపు పొద్దునకి వాడిపోవాలక్కా. లేకపోతే నేను కొత్త బ్రాంచికి పోవాలి."

"నా చేత్తో అల్లి నా చేత్తోనే చంపమంటావట్రా? నలభయ్యేళ్ళ నుంచి విచ్చుకునే పువ్వు తప్ప అల్లి ఎరగను. పో అవతలికి!"

ఆవిడ విసవిసా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి తిరిగొచ్చింది. ఒక పువ్వు అందుకుని మెడ దగ్గర వేలితో నొక్కి చూసింది.

"ముందు మెడ వాలుతుంది," అంది తనలో తను. "తర్వాతే అంచులు."

గుమాస్తా దారాల బుట్ట ఆవిడ పక్కకి జరిపాడు. ఎప్పుడు మాట్లాడకూడదో అతనికి ముప్ఫయ్యేళ్ళ కాపరం నేర్పింది.

అక్కయ్య కాడలోని గట్టి తీగ లాగేసి మెత్తది దూర్చింది. చిక్కటి టీ నీళ్ళలో కుంచె ముంచి రేకుల అంచులు గోధుమరంగు చేసింది. బయటి రెండు రేకుల కుట్లు వదులు చేసింది. పువ్వు ఆవిడ అరచేతిలో తల వాల్చింది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. అంత తృప్తిగా తమ్ముడి వైపు ఎన్నడూ చూడలేదు.

శుక్రవారం తొమ్మిదింపావుకి రెండు పూలూ కూజాలో ఉన్నాయి. తొమ్మిదిన్నరకి ఆఫీసరమ్మ వచ్చింది. "అయ్యో, రెండు వాలిపోయాయే!" అంది. గొంతులో బాధకంటే నమ్మకం ఎక్కువగా ఉంది. పైగా కాడల్లోని ఇనప తీగ తుప్పు పట్టి నీళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. "నీళ్ళు కూడా పాడయ్యాయి. పెరటి పూలు కదా!" అని క్యాషియరుకి చూపించింది. క్యాషియరు దగ్గరికి వెళ్ళబోతే, "ముట్టుకోకండి, రాలిపోతాయి," అని కసిరింది.

ఆ తర్వాత రోజూ ఇదే పని. సాయంత్రం రెండు పూలు డబ్బాలో ఇంటికి వచ్చేవి, పొద్దున చచ్చి ఆఫీసుకి వెళ్ళేవి. శనివారం మాత్రం, మర్నాడు సెలవు కాబట్టి, మిగిలిన అయిదూ ఒకేసారి వచ్చాయి. అక్కయ్యకి పిచ్చి పట్టింది. ఒక నిజం గులాబీ కొని తెచ్చి సీసాలో పెట్టి, అది చచ్చే తీరు గంటగంటకీ కాగితం మీద రాసుకుంది. స్టూడియో వాడు కబురు పంపితే, "నాకు తీరిక లేదని చెప్పు," అంది. చావులో కూడా పువ్వుకీ పువ్వుకీ తేడా ఉంటుందని తమ్ముడికి పాఠం చెప్పింది. అంట్లు అతనిచేత తోమించింది. ఆదివారం పక్కింటావిడ వచ్చి, బల్లనిండా వాలిపోయిన పూలు చూసి, గొంతు తగ్గించి, "ఎవరికైనా ఏమైనా అయిందా వదినా?" అని అడిగింది.

"మా తమ్ముడికి," అంది అక్కయ్య తల ఎత్తకుండా.

ఎనిమిదో రోజు, అంటే మళ్ళీ సోమవారం, అక్కయ్య రాలిన రేకులు కూడా ఇచ్చి పంపింది. అయిదు అరుగు మీద, రెండు నేల మీద. ఎక్కడెక్కడ వేయాలో బొమ్మ గీసి ఇచ్చింది. ఆఫీసరమ్మ ఆ రేకుల్ని చూసి నిట్టూర్చింది. "తీసేయండి. ఆఖరిదాకా నిజాయితీగా బతికాయి," అంది.

అటెండరు ఊడ్చాడు. కాసేపటికి వచ్చి గుమాస్తా చెవిలో అన్నాడు.

"సార్, ఈ పూలేంటి సార్? చీపురుకి చుట్టుకుని వదలట్లేదు."

"పీచు ఎక్కువున్న రకం," అన్నాడు గుమాస్తా. చెత్తబుట్టలోంచి తొమ్మిది పూలూ ఏరి రికార్డు బీరువాలో పాత ఫైళ్ళ వెనక దాచాడు. గండం గడిచిందనుకుని చేతులు దులుపుకుని వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆఫీసరమ్మ నిలబడి ఉంది.

"రేపు మళ్ళీ తొమ్మిది తీసుకురండి. ఆ కిటికీ బోసిగా ఉంటే చూడలేకపోతున్నాను. బదిలీ కాగితం వచ్చేవారం రాస్తాను. మీ సంగతి నాకు గుర్తుందిలెండి."

అక్కయ్య ఇరవై రోజులు కావాలంది. ఒక్క పూట కూడా తగ్గనంది. గుమాస్తా ఒళ్ళు మండి, జన్మలో మొదటిసారి, పూలకొట్టుకి వెళ్ళి నిజం గులాబీలు తొమ్మిది కొన్నాడు. అంతటితో అబద్ధం తీరిపోతుందనుకున్నాడు. నిజం పూలు వాటి చావు అవే చస్తాయి, ఎవరూ డబ్బాలో మొయ్యక్కర్లేదు.

"ఐసు పెట్టెలో వచ్చిన సరుకండీ. నీళ్ళలో ఈ పొడి వేయండి. ఎనిమిది రోజుల్లోపు తల వంచితే నన్నడగండి," అన్నాడు కొట్టువాడు.

గుమాస్తా అప్పుడే వెనక్కి తిరగాల్సింది. తిరగలేదు.

మంగళవారం ఆఫీసరమ్మ పదకొండుసార్లు తుమ్మింది. బుధవారం పధ్నాలుగు. గులాబీలు సిపాయిల్లా నిలబడ్డాయి. శుక్రవారానికి ఒక్క రేకు అంచు నల్లబడలేదు. శనివారం గుమాస్తా పొడి నీళ్ళు పారబోసి వేడినీళ్ళు పోశాడు. అవి ఇంకాస్త విచ్చుకున్నాయి. సోమవారం పొద్దున ఆవిడ అతన్నీ క్యాషియర్నీ గదిలోకి పిలిచింది. ముక్కు ఎర్రగా ఉంది, బల్ల మీద బదిలీ కాగితం ఉంది.

"ఏడు రోజులైంది. ఒక్కటైనా వాలిందా?"

"లేదండి."

"వాసన లేదు. మందు కంపు మాత్రం నా ప్రాణం తీస్తోంది. ఇవి నకిలీవి. అవునా?"

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా మేడమ్," అన్నాడు క్యాషియరు.

"ఇవి నిజం పూలేనండి," అన్నాడు గుమాస్తా.

"మొదటివి నా కళ్ళముందు చచ్చాయి. నిజం పువ్వు ఎలా చస్తుందో నాకు తెలుసు. అంత మంచి పూలు ఇచ్చిన చేత్తో ఇవి ఇవ్వడానికి సిగ్గులేదూ?"

గుమాస్తాకి కోపం రావడం అరుదు. వచ్చినప్పుడు నిజం చెప్పడం తప్ప ఇంకేం చేతకాదు. రికార్డు బీరువా తెరిచి, పాత ఫైళ్ళ వెనకనుంచి వాడిపోయిన గులాబీ ఒకటి తీసి ఆవిడ బల్ల మీద పెట్టాడు. కత్తెర తీసుకుని అడుగున ముడి కత్తిరించి దారం కొస పట్టి లాగాడు. కుట్టు వెంట కుట్టు ఊడి, రేకు వెంట రేకు కరిగి, ఫైలు మీద నూలు గుట్ట, ఒక తీగ మిగిలాయి. క్యాషియరు నోరు తెరిచాడు. గదిలో కాసేపు ఎవరూ తుమ్మలేదు.

"ఎవరల్లారు?" అంది ఆఫీసరమ్మ.

"మా అక్కయ్యండి."

"వాడిపోవడం కూడా?"

"ఆవిడేనండి. రోజుకి రెండు, ఆదివారం అయిదు."

"ఎప్పుడు మార్చేవారు?"

"తొమ్మిదింపావుకండి. తమరు తొమ్మిదిన్నరకి వస్తారు."

"ఒక్కరోజైనా ఆలస్యం అయిందా?"

"లేదండి."

ఆవిడ నూలు పోగుని వేలికి చుట్టుకుంటూ చాలాసేపు ఆలోచించింది. కళ్ళజోడు తీసి తుడిచింది. కోపం ఎక్కడా కనబడలేదు. గుమాస్తాకి కొంచెం ఆశ పుట్టింది.

"ఈ ఆఫీసులో వేళ తప్పకుండా జరిగిన పని నాకు ఇదొక్కటే కనిపించింది," అంది. "కొత్త బ్రాంచికి ఇలాంటి మనిషే కావాలి. క్యాషియరుగారిని పంపితే అక్కడ తలుపులు కూడా తెరుచుకోవు."

గుమాస్తా పేరు రాసి సంతకం పెట్టింది. క్యాషియరు అవమానపడాలో సంతోషించాలో తేల్చుకోలేక రెంటికీ కలిపి ఒక దణ్ణం పెట్టాడు.

"వీటిని కూడా తీసుకుపోండి. మీ అక్కయ్యగారి అడ్రసు అటెండరుకి చెప్పండి," అని ఆవిడ మళ్ళీ తుమ్మింది.

సాయంత్రం గుమాస్తా నిజం గులాబీలు చంకలో పెట్టుకుని ఇంటికి చేరాడు. అప్పటికే ఆఫీసు అటెండరు వచ్చి వెళ్ళినట్టు బల్ల మీద రెండు ఖాళీ టీ గ్లాసులు చెప్పాయి.

"నాకు ఆర్డరొచ్చిందిరా! నెలకి తొమ్మిది, వాడిపోవడంతో సహా," అంది అక్కయ్య. సూది ఆగలేదు. "నీకూ వచ్చిందటగా, ఆర్డరు."

"నువ్వు వస్తావా?"

"ఎలా వస్తానురా? పని పెట్టుకున్నాను కదా. గుడ్డు ఉడకబెట్టడం నేర్పిస్తాలే."

గుమాస్తా పూలు ఎక్కడ పెట్టాలో తెలియక గదంతా తిరిగాడు. చివరికి గోడ మీది ఫోటో ముందు నిలబడ్డాడు. కింద బల్ల మీద సీసాలో నీళ్ళు పోసి, తొమ్మిదీ అందులో పెట్టి, ఒక్కొక్కటీ ఆవిడకి కనబడేలా సర్దాడు. అక్కయ్య చూసింది. సూది కాసేపు ఆగింది.

తెల్లారి చూస్తే తొమ్మిదీ తలలు వాల్చేసి ఉన్నాయి.