మట్టి అంటని భూమి చదువు

పిల్లల్ని ఏం చదివించాలా అని తలలు పట్టుకుంటున్న తల్లిదండ్రులారా! ఆ బెంగ ఇక వదిలేయండి. భూమి, పర్యావరణ శాస్త్రాల్లో అంతర్జాతీయ మాస్టర్స్ అని ఒక కోర్సుంది. కళ్ళు మూసుకుని చేర్పించండి. లోకంలో ఇంత శుభ్రమైన చదువు ఇంకోటి లేదని పత్రికాముఖంగా హామీ ఇస్తున్నాను.

భూమి చదువంటే బురద, ఎండ, చెమట అనుకుంటున్నారా? అదంతా పాతకాలం. నా సొంత మేనకోడలు మా ఇంట్లోనే ఉండి ఈ కోర్సు చదువుతోంది. మొదటి ఏడాదంతా ఆ పిల్ల బట్టల మీద చిటికెడు మట్టి కనిపిస్తే ఒట్టు. పక్కింటి కుర్రాడు కామర్స్ చదువుతాడు, రోజూ మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుని ఇంటికొస్తాడు. వాళ్ళమ్మ మా పిల్లని చూసి కుళ్ళుకునేది.

అంతర్జాతీయం అనగానే విమానం ఎక్కాలేమోనని హడలిపోకండి. డిపార్ట్‌మెంట్ మా వీధి మొదట్లో, కాస్త ఎత్తు మీద ఉంది. మా పిల్ల నడిచే వెళ్తుంది. విమానాలెక్కేది పాఠాలు చెప్పి థీసిస్ రాయించే ప్రొఫెసర్, వాళ్ళ గైడు గారు. మనుషులు విమాన ప్రయాణాలు తగ్గించుకోవాలని ఆయన చెప్పని దేశం లేదు. ప్రతి దేశానికీ స్వయంగా వెళ్ళి మరీ చెబుతారు. క్లాసులు చాలావరకు ఎయిర్‌పోర్టుల్లోంచే, ఆన్‌లైన్లో. వెనకాల అనౌన్స్‌మెంట్లు వినబడుతుంటే, పరీక్షలో అడుగుతారేమోనని ఒకమ్మాయి గేటు నంబర్లు కూడా నోట్సులో రాసుకుందట.

క్లాసు గది అయిదో అంతస్తులో ఉంది. కిటికీలు తెరుచుకోవు. వాతావరణం పాఠం మొదలవగానే కర్టెన్లు కూడా దగ్గరికి లాగుతారు. లేకపోతే తెర మీద మబ్బులు సరిగ్గా కనబడవు కదా!

మరి ఫీల్డ్ ట్రిప్ సంగతేమిటంటారా? ఎందుకు లేదు! పిల్లలందరికీ లోపల కొండలూ లోయలూ నిజంలా కనబడే పెద్ద పెద్ద కళ్ళద్దాలు తగిలించి, కుర్చీల్లో కూర్చోబెట్టి కొండెక్కించారు. మంచినీళ్ళ సీసా మరిచిపోవద్దని ముందురోజే హెచ్చరిక. మా పిల్ల లోయ అంచుకెళ్ళి, కళ్ళు తిరిగి, పక్క దేశం నుంచి వచ్చిన అమ్మాయి ఒళ్ళో పడింది. మిగతావాళ్ళు శిఖరం చేరి, అటునుంచి అటే క్యాంటీన్‌కి వెళ్ళారు.

ఇక గ్రూప్ వర్క్ అనే భాగ్యం గురించి ఏం చెప్పను? అయిదు దేశాల పిల్లలు కలిసి ఒక నది మీద రిపోర్టు రాయాలి. మీటింగ్ ఎప్పుడు పెట్టుకోవాలో తేల్చడానికి ముందో మీటింగ్. ఆ తర్వాత స్లైడ్ల మీద నదికి ఏ నీలం వేయాలన్న దగ్గర గొడవ మొదలై, మాటలు పెరిగి, రెండు దేశాల మధ్య సంబంధాలు దెబ్బతిన్నాయి. చివరికి అసలు నది ఏ రంగులో ఉంటుందో ఎవరైనా చూశారా అని మా పిల్ల అడిగిందట. ఆ ప్రశ్న సబ్జెక్టులోది కాదని అందరూ ఏకగ్రీవంగా తేల్చారు, సంబంధాలు మళ్ళీ బాగుపడ్డాయి.

ఇంత హాయిగా సాగుతున్న చదువులో మా పిల్ల పప్పులో కాలేసింది. థీసిస్‌కి నిజం నేల కావాలంది.

డిపార్ట్‌మెంట్ వెనకాల ఖాళీ స్థలం ఒకటుండేది. గడ్డి, పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేవు. వాన పడితే ఆ భవనాల కప్పుల మీది నీళ్ళన్నీ అక్కడికే చేరి, చప్పుడు చేయకుండా భూమిలోకి దిగిపోయేవి. అవి ఎంత వేగంగా దిగుతాయో కొలుస్తానంది. ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి వానాకాలంలో. రెండూ ఉంటేనే థీసిస్ నిలబడుతుందట.

ఆ కొలిచే పద్ధతి చూసి నేను నోరు వెళ్ళబెట్టాను. ఒక ఇనప రింగును సుత్తితో నేలలోకి దిగ్గొట్టాలి. అందులో నీళ్ళు పోయాలి. గడియారం పట్టుకుని కూర్చోవాలి.

"ఏం చేస్తున్నావే ఎండలో?" అనడిగాను, గొడుగు తీసుకెళ్ళి.

"నీళ్ళు ఇంకుతుంటే చూస్తున్నానత్తా."

"దీనికి మాస్టర్స్ కావాలా? నేను పెరట్లో రోజూ చూస్తాను."

"నువ్వు చూస్తావు, రాసుకోవుగా. జరుగు, నీ నీడ పడుతోంది."

సుత్తి వాడుతోంది కాబట్టి హెల్మెట్ పెట్టుకోవాలని సేఫ్టీ ఆఫీసు వాళ్ళు పట్టుబట్టారు. నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేనిచోట, గడ్డిలో గొంతుక్కూర్చుని, హెల్మెట్ పెట్టుకున్న పిల్లని చూసి దారినపోయేవాళ్ళు ఆగిపోయేవాళ్ళు. బావి తవ్వుతున్నారనుకుని, నీళ్ళెప్పుడు పడతాయమ్మా అనడిగేవాళ్ళు. తను నీళ్ళు పొయ్యడానికి వచ్చానని చెబితే జాలిగా చూసి వెళ్ళిపోయేవాళ్ళు.

అప్పుడప్పుడూ ఆ మట్టి కొంచెం డబ్బాల్లో ఇంటికి తెచ్చి, మా హాలు కిటికీ గట్టు మీద ఆరబెట్టేది. తూకం వేసి, ఎండిన తర్వాత మళ్ళీ తూకం వేస్తే అందులో తడి ఎంతుందో తెలుస్తుందట. మావారి గురించి మీకు తెలియదు. ఆయనకి మట్టి, డబ్బా ఒకచోట కనబడితే చేతులూరుకోవు. పాపం ఎండిపోతున్నాయని రోజూ నీళ్ళు పోశారు. వేళ్ళు కుళ్ళకుండా అడుగున మేకుతో చిల్లులు కూడా పొడిచారు.

"మామయ్యా, ఇది మొక్క కాదు, శాంపిల్!" అని మా పిల్ల లబోదిబోమంది.

"నాకేం తెలుసమ్మా. మొన్నటిదాకా శాంపిలే. ఇవాళ చూడు, మొలకొచ్చింది."

నిజంగానే ఒక డబ్బాలో గడ్డి మొలిచింది. మిగతావి మళ్ళీ మొదటినుంచి తెచ్చుకుంది. ఆ ఒక్క డబ్బా మాత్రం మావారు వదల్లేదు.

వానలు ఇంకో మూడు నెలల్లో మొదలవుతాయనగా కబురొచ్చింది. డిపార్ట్‌మెంట్‌కి కొత్తగా హరిత భవనం కడుతున్నారు. చాలా సంతోషం. హరిత భవనానికి వచ్చేవాళ్ళు కార్లు ఎక్కడ పెట్టుకోవాలి? వెనకాల ఖాళీ స్థలం ఎటూ ఉంది కదా! తారు వేసేస్తారట.

ఆ రోజు మా పిల్ల అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, తినలేదు. థీసిస్ సగంలో ఆగిపోతుందని ఏడుస్తోందనుకున్నాను. కాదు. "అత్తా, ఆ నీళ్ళు భూమిలోకి పోకపోతే ఇంకెటు పోతాయనుకున్నావ్? మన వీధే పల్లం" అంది.

అదృష్టం బాగుండి గైడు గారు ఆ వారం నేల మీదే ఉన్నారు. గ్రాఫులు పట్టుకుని వెళ్ళింది. ఆ తర్వాత జరిగింది నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చి చెప్పింది.

"సార్, మీరొక్క మాట చెబితే ఆపుతారు. ఆపకపోయినా కనీసం తారు మానేసి గులకరాళ్ళు పరవమనండి. నీళ్ళు దిగుతాయి."

ఆయన నీళ్ళు నమిలారు. "చూడమ్మా, ఆపడం మన పరిధిలోది కాదు. మన పని కొలవడం. ఆ మాటకొస్తే నీకెంత అదృష్టం పట్టిందో ఆలోచించు. తారుకి ముందు, తారు తర్వాత! ఇలాంటి పోలిక ఎవరికి దొరుకుతుంది?"

తారు వేశారు. పైన చెక్కేసిన మంచి మట్టినంతా మా వీధి మొదట్లో గుట్టగా పోసి వెళ్ళారు. మా పిల్ల మళ్ళీ హెల్మెట్ పెట్టుకుని వెళ్ళి, తారు మీద రింగు పెట్టి, అంచుల చుట్టూ మైనం పూసి నీళ్ళు పోసింది. గడియారం పట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. కారు దిగి అటుగా వచ్చిన గైడు గారు, నీళ్ళు అలా నిలవ ఉంచితే దోమలు పుడతాయమ్మా అని మందలించారట.

థీసిస్ బ్రహ్మాండంగా వచ్చింది. గ్రాఫులో గీత స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉందని, ఇంత శుభ్రమైన ఫలితం చూడలేదని కమిటీ వాళ్ళు పొంగిపోయారు. మొదటి పెద్ద వానకే దిగువ వీధి మునుగుతుందని చివరి పేజీలో రాసింది. ఆ వాక్యంలో భాష చాలా బాగుందని ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. అన్నిటికంటే ఎక్కువ మార్కులు మా పిల్లకే వేశారు. ఆ గ్రాఫుని పోస్టరుగా వేయించి, అద్దం బిగించి, కొత్త పార్కింగ్ గేటు దగ్గర తగిలించారు కూడా. కార్లు దాని పక్కనుంచే లోపలికి వెళ్తాయి.

వాన నిన్న పడింది.

ఈ వ్యాసం మంచం మీద కూర్చుని రాస్తున్నాను. కుర్చీలో రాసే అలవాటే, కానీ కుర్చీ పొద్దున వరండా దాటి వెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు. మావారు గిన్నెతో నీళ్ళు బయటికి తోడుతున్నారు. అవి ఆయన వెనకాలే లోపలికి వస్తున్నాయి. మా పిల్ల గచ్చు మీద బురద పిడికెడు తీసి, వేళ్ళతో నలిపి చూసి, "ఇది మన స్థలంలో మట్టే అత్తా" అంది. తప్పిపోయిన మనిషి ఇంటికొచ్చినట్టు అంది. నాకు కళ్ళు చెమర్చాయి.

ఇంతలో గుమ్మంలో సందడి. గైడు గారు, వెనకాల అయిదు దేశాల పిల్లలు, కాళ్ళకి కొత్త రబ్బరు బూట్లు. కోర్సు మొదలయ్యాక ఇదే వాళ్ళ మొదటి నిజమైన ఫీల్డ్ ట్రిప్పట! వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చారు. బూట్లు బయట విడిచి రమ్మనబోయి ఊరుకున్నాను. బయటికీ లోపలికీ తేడా లేదు.

గైడు గారు ప్యాంటు పైకి మడుచుకుని, మా హాలు నాలుగు మూలలా తృప్తిగా చూశారు. "ఈ నీళ్ళు ఎప్పటికి ఇంకుతాయమ్మా?" అనడిగారు.

"ఇంకవు సార్. చివరి పేజీలో రాశాను. మీరే సంతకం పెట్టారు."

అని మా పిల్ల ఊరుకోలేదు. కిటికీ గట్టు మీద ఉన్న మావారి డబ్బా తీసింది. హాల్లో నీళ్ళే దోసిట్లోకి ఎత్తి అందులో పోసింది. గడ్డి మొదళ్ళ దగ్గర నీళ్ళు ఒక్క క్షణం నిలబడి, మెల్లగా లోపలికి దిగిపోయాయి. "ఇదిగో సార్, ఇలా ఇంకేవి" అంది. మళ్ళీ పోసింది. మళ్ళీ దిగిపోయాయి. పిల్లలు చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి చూశారు. నేలలోకి నీళ్ళు దిగడం అంత దగ్గరగా చూడటం వాళ్ళకదే మొదటిసారట.

గైడు గారు కూడా వంగి డబ్బాలోకి చూశారు. కరిగారనే అనుకున్నాను. తర్వాత జేబులోంచి ఫోను తీశారు.

"మళ్ళీ ఒకసారి పొయ్యమ్మా, వీడియో తీస్తాను. వచ్చే బ్యాచ్ వాళ్ళకి కళ్ళద్దాల్లో చూపిద్దాం. పాపం, ఈ బురదలోకి వాళ్ళెందుకు రావడం?"

కాబట్టి తల్లిదండ్రులారా, సందేహించకుండా చేర్పించండి. మీ పిల్లల ఒంటికి మట్టి అంటదు. ఆ మట్టి సంగతి మా వీధి చూసుకుంటుంది.