దండెం మీది ఎర్రచీర

ఆ శుక్రవారం పొద్దున గోకులకృష్ణన్ వేసుకున్న పథకం చిన్నదే. పదకొండు గంటలకు కోయంబత్తూరులోని కంప్యూటర్ ఆటల కంపెనీవాళ్లకు వీడియో కాల్‌లో తను చేసిన దృశ్యం చూపించాలి. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే సోమవారం నుంచి తుడియలూరులో నాన్న పంపుల వర్క్‌షాపే గతి. నాన్న నారాయణన్ ముందుచూపుగా ఖాకీ చొక్కా కూడా కుట్టించి పెట్టాడు.

దృశ్యంలో ఒక ఖాళీ ఇల్లు, దండెం మీద ఎర్రచీర. ఆ చీర ఆడాలి. ఒక్క గ్రాఫిక్స్ కార్డుతో పని నత్తనడక నడుస్తోందని, మూలపడిన పాత కార్డును కూడా కంప్యూటర్ లోపల బిగించాడు. కొత్తది బొమ్మ గీస్తుంది, పాతది చీర కదలికల లెక్కలు మాత్రం చూసుకుంటుంది. అంతే, మనిషి లేని ఆ ఇంట్లో చీర ఊపిరి తీసుకున్నట్టు కదిలింది. చేసినవాడికే ఒళ్లు జలదరించింది.

కాఫీ తెచ్చిన అవ్వ జానకమ్మాళ్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవుర్రా దాన్ని ఆడిచ్చేది?"

"ఎవురూ లే అవ్వా. లోపల రెండో కార్డు ఉండాది, అదే."

"ఎవురూ లేకుండా కోక ఆడతదా?"

గ్లాసు చేజారింది. ఎన్నో తరాల కింద చిన్నవయసులో పోయిన ఆడపడుచును ఆ ఇంట్లో పేరంటాలమ్మగా కొలుస్తారు. ఏటా ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, చెక్కపెట్టెలో ఆమెకు ఎర్రచీర పెట్టాలి. వర్క్‌షాపు పనుల హడావుడిలో ఈ ఏడు మరిచారు.

"కోక అడిగేదానికి వచ్చిండాది రా, సామీ!"

పావుగంటలో కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ, సాంబ్రాణి అన్నీ అమరాయి. అరగంటలో పక్కవీధి వల్లియమ్మాళ్ అత్త కొత్త ఎర్రచీరతో, మరో ఐదుగురు ఆడవాళ్లతో దిగింది. ఒకావిడ తన కూతురి పెళ్లెప్పుడని తెరనే అడిగింది. చీర కుడివైపు ఊగింది. "తై మాసంలో, పొంగలి కాంగానే" అని వల్లియమ్మాళ్ తేల్చేసింది.

పదిన్నరయింది. గోకులకృష్ణన్‌కు ఓపిక నశించి కొరివితో తల గోక్కున్నాడు. మెషిన్ ఆపి, పాత కార్డు పీకి అందరికీ చూపించాడు.

"చూడండత్తా, ఆడిచ్చేది ఇదే. ఇది లేకుంటే ఏమీ లే!"

మళ్లీ ఆన్ చేశాడు. చీర అట్టముక్కలా బిగుసుకుపోయింది.

"అయ్యయ్యో, అమ్మకు కోపం వచ్చేసె!" అంది వల్లియమ్మాళ్.

అవ్వ వాడి చేతిలోంచి కార్డు లాక్కుని కళ్లకద్దుకుంది. గది మూలనున్న చెక్కపెట్టెలో కొత్తచీర కింద దాన్ని పెట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"అవ్వా, నా ఉద్యోగం పోతది!"

"అమ్మ కాళ్లు పట్టుకో. ఇస్తే అదే ఇయ్యాల."

పదకొండయింది. తెర మూలన కంపెనీ మేడమ్ ప్రత్యక్షమై "చూపించండి" అంది. చీర కదలదు. గోకులకృష్ణన్ కళ్ల ముందు ఖాకీ చొక్కా మాత్రం రెపరెపలాడింది. ఏడుపొక్కటే తక్కువ.

వెనక అవ్వ పెట్టె ముందు నేలకు నుదురు ఆనించింది. ఫ్యాన్ ఆగి ఉంది. సాంబ్రాణి పొగ దారంలా నిటారుగా లేస్తోంది.

తెర మీద చీర కొంగు మెల్లగా లేచింది. తర్వాత కుచ్చిళ్లు ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి. చీర దండెం దిగి, ఖాళీ ఇంట్లో నాలుగడుగులు వేసి, ఇటు తిరిగి నిలబడింది. గోకులకృష్ణన్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు.

"అద్భుతం! ఆ నడక ఎలా తెచ్చారు?" అంది మేడమ్.

సాయంత్రానికి ఉద్యోగం వచ్చింది, వెంట మెషిన్ వివరాలు నింపమని ఒక ఫారమూ వచ్చింది. రెండో కార్డు ఎక్కడ అమర్చారన్న గడి దగ్గర గోకులకృష్ణన్ చాలాసేపు ఆలోచించి, 'పెట్టెలో, చీర కింద' అని రాశాడు.